కొలువు మానినా వదలని షరతు: 27వ సెక్షను కథ

పెన్షనర్ల ఇళ్ళలో ఒక కొత్త రకం కాగితం కనిపించడం కొంతకాలంగా మామూలయింది. కొడుకో కూతురో, కోడలో అల్లుడో ఒక కంపెనీ మాని మరొక కంపెనీలో చేరగానే పాత కంపెనీ వకీలు నుండి నోటీసు వస్తుంది. "మా వద్ద పని మానినవారు రెండేళ్ళపాటు మా పోటీదారుల వద్ద చేరరాదు. చేరినారు గనుక ఇన్ని లక్షలు నష్టపరిహారం చెల్లించవలెను" అన్నది దాని సారాంశం. ఉద్యోగంలో చేరేటప్పుడు రాసిన బాండు మీద తండ్రి జామీను సంతకం ఉంటే ఒక ప్రతి ఆయన పేరు మీద కూడా వస్తుంది. జీవితమంతా సర్వీసు చేసి, ఒక్క మెమో కూడా అందుకోని మనిషి ఆ కాగితం చూసి హడలిపోతాడు. పరువు పోతుందేమోనని గ్రాట్యుటీ సొమ్ములో నుండి తీసి కట్టినవారూ ఉన్నారు.

కట్టవలసిందా, అక్కరలేదా అన్నది తేల్చుకోవాలంటే ఈ షరతు ఎక్కడ పుట్టిందో, మన దేశంలో చట్టం దాన్ని ఎట్లా చూస్తున్నదో తెలియాలి. అది 150 ఏళ్ళు దాటిన చరిత్ర. అందులో ఒక అధ్యాయం మన ఎర్రగడ్డ, సనత్‌నగర్, బాలానగర్ ప్రాంతంలోనే నడిచింది.

అద్దకపు పనివాని కేసు

ఈ తగవు ఇంగ్లండులో 600 ఏళ్ళ క్రిందటిది. 1414లో జాన్ డయ్యర్ అనే అద్దకపు పనివాని మీద దావా పడింది. ఆరు నెలలపాటు ఆ ఊళ్ళో తన వృత్తి చేయనని అతడు బాండు రాసి ఇచ్చాడు. విచారించిన న్యాయమూర్తి హల్ మండిపడి, దావా వేసినవాడు గనుక ఎదుట ఉంటే రాజుగారికి జరిమానా కట్టేదాకా ఖైదులో ఉంచేవాడినని అన్నాడట. అంతకు కొన్ని దశాబ్దాల ముందు ప్లేగు మహమ్మారిలో జనం చచ్చిపోయి పనివాళ్ళు కరువైన దేశం అది. చేయి తిరిగిన పనివాణ్ణి ఊరికే కూర్చోబెట్టడమంటే అతని కడుపు కొట్టడమే కాక, ఊరికి నష్టం చేయడం కూడానని అప్పటివారు భావించారు.

కాలక్రమాన ఇంగ్లీషు కోర్టులు కొంత మెత్తబడ్డాయి. 1711లో ఒక రొట్టెల దుకాణం కేసులోనూ, 1894లో తుపాకుల తయారీదారు నార్డెన్‌ఫెల్ట్ కేసులోనూ, షరతు సబబైనదైతే చెల్లుతుందని తీర్పులు వచ్చాయి. ఎంతకాలం, ఎంత దూరం, ఎవరి మేలుకోసం అని తూచి చూడడం అక్కడి పద్ధతి అయింది.

మన చట్టం వేరే దారి పట్టింది

1872లో ఇండియన్ కాంట్రాక్టు చట్టం వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుండి అమలయింది. దానిలోని 27వ సెక్షను చాలా చిన్నది. న్యాయసమ్మతమైన ఏ వృత్తినైనా, వ్యాపారాన్నయినా ఒక మనిషి చేయకుండా అడ్డగించే ఒప్పందం ఆ మేరకు చెల్లదు అని దాని భావం. ఒక్క మినహాయింపు ఉంది. దుకాణాన్ని దాని మంచిపేరుతో సహా అమ్ముకున్నవాడు ఆ చుట్టుపక్కలనే మళ్ళీ అదే వ్యాపారం పెట్టనని ఒప్పుకుంటే, హద్దులు సబబుగా ఉన్నంతవరకు ఆ మాట చెల్లుతుంది. పేరును అమ్ముకుని సొమ్ము తీసుకున్నవాడు ఎదురుగా మళ్ళీ అంగడి తెరిస్తే కొన్నవాడు మునుగుతాడు గదా!

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. ఈ సెక్షను ఇంగ్లీషు చట్టం నుండి వచ్చింది కాదు. అమెరికాలో డేవిడ్ డడ్లీ ఫీల్డ్ అనే న్యాయవాది న్యూయార్కు రాష్ట్రం కోసం తయారుచేసిన ముసాయిదాలో నుండి మనవాళ్ళు ఎత్తుకున్నారు. న్యూయార్కు ఆ సివిల్ ముసాయిదాను ఆమోదించనే లేదు. కాలిఫోర్నియా ఆమోదించింది, అదీ 1872లోనే. ఈ విధంగా ఒకే మూలం నుండి, ఒకే సంవత్సరంలో, ఇక్కడొకటి అక్కడొకటి రెండు చట్టాలు పుట్టాయి. మన పిల్లలు ఎక్కువగా ఉద్యోగాలు చేస్తున్న చోట్లలో హైదరాబాదూ కాలిఫోర్నియా రెండూ ఉండడం, ఈ రెండు చోట్లా చట్టం ఒకే మాట చెప్పడం యాదృచ్ఛికమే అయినా గమనించదగ్గది.

చట్టం వచ్చిన రెండేళ్ళకే, 1874లో, కలకత్తా హైకోర్టు ముందుకు ఇద్దరు దుకాణదారుల తగవు వచ్చింది. పోటీ దుకాణం మూసేస్తే సొమ్ము ఇస్తామని ఒక పక్షం ఒప్పుకుంది. తీరా మూశాక ఇవ్వలేదు. ఆ ఒప్పందమే చెల్లదు గనుక సొమ్ము రాబట్టుకోవడానికి వీల్లేదని ప్రధాన న్యాయమూర్తి సర్ రిచర్డ్ కౌచ్ తీర్పు చెప్పారు. వ్యాపారాన్ని పూర్తిగా మాన్పించినా, ఒక పేటలో మాత్రమే మాన్పించినా 27వ సెక్షను క్రిందికే వస్తుందని ఆయన తేల్చారు. 1885లో బ్రహ్మపుత్ర టీ కంపెనీ కేసులో అదే హైకోర్టు, కొలువు మానినాక అయిదేళ్ళు తేయాకు పని చేయరాదన్న షరతును చెల్లదన్నది. కొలువులో ఉండగా బయట పని చేయరాదన్న షరతు వేరు, మానినాక చేయరాదన్న షరతు వేరు అన్న తేడా ఆనాడే స్థిరపడింది. ఆ తేడా మీదే ఈనాటికీ కేసులన్నీ నడుస్తున్నాయి.

నిజాం ఏలుబడిలోని హైదరాబాదు రాష్ట్రానికి ఆనాడు బ్రిటిష్ ఇండియా చట్టాలు నేరుగా వర్తించేవి కావు. 1951లో కేంద్ర చట్టాలను పార్టు బి రాష్ట్రాలకు విస్తరింపజేసినప్పుడు ఈ కాంట్రాక్టు చట్టం ఇక్కడికి వచ్చింది.

మన వాకిట్లో జరిగిన చరిత్ర

ఎర్రగడ్డ పేరు చెబితే బయటి ఊళ్ళవారికి ఛాతీ ఆసుపత్రి, మానసిక చికిత్సాలయం గుర్తుకు వస్తాయి. మనకు మాత్రం సైరన్ మోగగానే సైకిళ్ళ మీద బయలుదేరే జనం గుర్తుకు వస్తారు. 1942లో మొదలైన ఆల్విన్, సనత్‌నగర్ పారిశ్రామికవాడ, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి, ఇంకాస్త ముందుకు పోతే బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. - ఇవన్నీ కూతవేటు దూరంలో ఉన్నవే.

ఐ.డి.పి.ఎల్. కేంద్ర ప్రభుత్వ సంస్థగా 1961లో ఏర్పడింది. సోవియట్ సాంకేతిక సహాయంతో రిషీకేశ్‌లో యాంటీబయాటిక్స్ కర్మాగారం, హైదరాబాదులో సింథటిక్ డ్రగ్స్ కర్మాగారం, మద్రాసులో శస్త్రచికిత్స పరికరాల కర్మాగారం కట్టారు. మందు బిళ్ళకు కావలసిన అసలు రసాయనాన్ని పెద్ద ఎత్తున తయారుచేయడం మన ప్రాంతపు కుర్రవాళ్ళు నేర్చుకున్నది ఆ ఫ్యాక్టరీలోనే. తరువాత 1970 పేటెంటు చట్టం 1972 ఏప్రిల్ 20 నుండి అమలయింది. మందుల విషయంలో తయారీ పద్ధతికే తప్ప మందుకు పేటెంటు లేదని ఆ చట్టం అన్నది. దానితో, వేరే పద్ధతిలో అదే మందు చేయగల నేర్పుకు ఎక్కడలేని విలువ వచ్చింది.

ఆ నేర్పు ఎవరి ఆస్తి? సంస్థదా, నేర్చుకున్న మనిషిదా? ఈ ప్రశ్నకు జవాబు మన పేటలే ఇచ్చాయి. డాక్టర్ కల్లం అంజిరెడ్డి పూనా జాతీయ రసాయన ప్రయోగశాలలో డాక్టరేటు చేసి 1969 నుండి 1975 వరకు ఐ.డి.పి.ఎల్.లో పనిచేశారు. బయటికి వచ్చి యూనిలాయిడ్స్, తరువాత స్టాండర్డ్ ఆర్గానిక్స్ సంస్థలను నడిపి, 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ స్థాపించారు. దాని కార్యాలయం అమీర్‌పేటలో వెలసింది. ఆయన వంటివారు మరెందరో ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చి, చిన్నా పెద్దా మందుల పరిశ్రమలు పెట్టారు, లేదా అట్టి పరిశ్రమలలో చేరి వాటిని నిలబెట్టారు. 1992లో ఐ.డి.పి.ఎల్. ఖాయిలా సంస్థగా నిర్ధారణ అయింది. తల్లి చెట్టు ఎండింది గాని దాని గింజలు ఊరంతా మొలిచాయి. పని మానిన ప్రతి రసాయన శాస్త్రజ్ఞుణ్ణీ అయిదేళ్ళు ఇంట్లో కూర్చోబెట్టగల చట్టం మనకు ఉండివుంటే హైదరాబాదు మందుల రాజధాని అయ్యేది కాదని చెప్పడం అతిశయోక్తి కాదు.

కాలిఫోర్నియాలోనూ ఇదే జరిగింది. 1957లో షాక్లీ సంస్థ నుండి ఎనిమిది మంది ఇంజనీర్లు బయటికి వచ్చి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ పెట్టారు. వారిలో ఇద్దరు 1968లో ఇంటెల్ స్థాపించారు. సిలికాన్ వ్యాలీ అని నేడు పిలుస్తున్న లోయ అట్లా నిండింది.

సుప్రీంకోర్టు గీసిన గీతలు

అయితే పని మానినవారిదే ఎప్పుడూ పైచేయి అనుకోరాదు. ఇందుకు మూడు కేసులు తెలుసుకోవాలి.

మొదటిది 1967 నాటి సెంచురీ స్పిన్నింగ్ కేసు. బొంబాయి దగ్గర కల్యాణ్‌లో టైరు దారం తయారుచేసే ప్లాంటు అది. విదేశీ కంపెనీల నుండి తెచ్చిన పరిజ్ఞానాన్ని రహస్యంగా ఉంచుతామని యాజమాన్యం వారికి మాట ఇచ్చింది. ఒక షిఫ్టు సూపర్‌వైజరు అయిదేళ్ళు పనిచేస్తానని ఒప్పుకుని, శిక్షణ పొంది, మధ్యలోనే మాని కోటాలో పోటీ కంపెనీలో చేరాడు. ఒప్పుకున్న అయిదేళ్ళు పూర్తయ్యేదాకా ఆ పని బయట చేయరాదన్న ఇంజంక్షన్‌ను సుప్రీంకోర్టు సమర్థించింది. అయిదేళ్ళ గడువు లోపలి షరతు గనుక అది 27వ సెక్షనుకు తగలదన్నది.

రెండవది 1980 నాటి సూపరింటెండెన్స్ కంపెనీ కేసు. సరుకుల నాణ్యతను తనిఖీ చేసే సంస్థ అది. దాని ఢిల్లీ మేనేజరును కంపెనీయే 1979లో తొలగించింది. అతడు అదే ఊళ్ళో అదే వ్యాపారం పెట్టుకుంటే, మానిన రెండేళ్ళదాకా పెట్టరాదని కోర్టుకెక్కింది. "మానినప్పుడు" అంటే తనంతట తాను మానడమే, తీసేయడం కాదని మెజారిటీ న్యాయమూర్తులు కంపెనీకి కాదన్నారు. న్యాయమూర్తి ఎ.పి. సేన్ ఇంకా ముందుకు వెళ్ళి, కొలువు తరువాతి షరతు 27వ సెక్షను ప్రకారం అసలే చెల్లదన్నారు. 2006లో క్రికెట్ ఆటగాడు జహీర్ ఖాన్ కేసులో, కాంట్రాక్టు ముగిశాక పనిచేసే అడ్డంకి చెల్లదని సుప్రీంకోర్టు మరొకసారి స్పష్టం చేసింది.

మూడవది ఇటీవలిది, బ్యాంకు సర్వీసు వారికి దగ్గరిది. విజయా బ్యాంకు అధికారి ఒకరు మూడేళ్ళు నిండకముందే 2009లో రాజీనామా చేసి మరొక బ్యాంకుకు వెళ్ళారు. షరతు ప్రకారం 2 లక్షల రూపాయలు అభ్యంతరం తెలుపుతూనే కట్టి, తిరిగి ఇప్పించమని కోర్టుకు వెళ్ళారు. హైకోర్టులో గెలిచినా 2025 మే 14న సుప్రీంకోర్టులో బ్యాంకే గెలిచింది. వేరే చోట పనిచేయవద్దని బ్యాంకు అనలేదు, గడువు లోపల మానితే ఇంత కట్టమన్నది, అంతే. ప్రభుత్వరంగ బ్యాంకు మళ్ళీ అఖిలభారత ప్రకటన ఇచ్చి నియామకం జరపడానికి అయ్యే ఖర్చును బట్టి ఆ మొత్తం అన్యాయం కాదని కోర్టు భావించింది.

వీటన్నిటి సారం ఇది. బుర్రలోని నేర్పు ఉద్యోగిది, బీరువాలోని కాగితం యజమానిది. కొలువులో ఉన్నన్నాళ్ళు విధేయత యజమానికి చెందుతుంది, మానినాక బ్రతుకుతెరువు ఉద్యోగికి చెందుతుంది. కాని పట్టుకుపోయిన కాగితానికీ, కంప్యూటరులో నుండి ఎత్తుకుపోయిన జాబితాకూ ఏ సెక్షనూ అండగా రాదు. అనుమతి లేకుండా కంప్యూటరు సమాచారాన్ని తీసుకోవడం 2000 నాటి ఐ.టి. చట్టం 43, 66 సెక్షనుల క్రింద వేరే తంటా అవుతుంది.

నోటీసు వస్తే ఏం చేయాలి?

1. వకీలు నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు. దానికి ఎవరినీ అరెస్టు చేయరు. అలాగని చెత్తబుట్టలో వేయనూరాదు. అందిన తేదీ కవరు మీద రాసి, కవరుతో సహా భద్రపరచాలి.

2. అపాయింట్‌మెంటు ఆర్డరు, బాండు, శిక్షణ కాగితాలు, రాజీనామా, రిలీవింగ్ లెటరు, చివరి లెక్కల చీటీ ఒక ఫైలులో పెట్టాలి. సంతకం చేసినప్పుడు ప్రతి ఇవ్వకపోతే, మీరు ఏ షరతు ఆధారంగా అడుగుతున్నారో ఆ కాగితం నకలు పంపమని మొదటి జవాబులోనే అడగాలి.

3. నోటీసులోని ఆరోపణలను మూడు కుప్పలుగా విడదీయాలి. కొలువులో ఉండగా చేసినవి, గడువుకు ముందు మానినందుకు అడిగే సొమ్ము, మానినాక చేరరాదన్న షరతు. మూడవ కుప్పకు 27వ సెక్షను జవాబు. రెండవ కుప్పకు 74వ సెక్షను జవాబు. బాండులో ఎంత రాసినా సబబైన పరిహారమే, అదీ రాసిన మొత్తానికి మించకుండానే కోర్టు ఇప్పిస్తుంది. కంపెనీ శిక్షణకు నిజంగా ఎంత ఖర్చు పెట్టిందో లెక్క చూపమనాలి. మొదటి కుప్పకు నిజాయితీ తప్ప వేరే జవాబు లేదు.

4. పాత కంపెనీ కాగితాలు, ల్యాప్‌టాప్, గుర్తింపు కార్డు ఏమైనా మిగిలి ఉంటే జాబితా రాసి అప్పగించి రసీదు తీసుకోవాలి. నోటీసు వచ్చాక భయపడి చించడం, చెరిపివేయడం చేయరాదు. అది నేరం ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది.

5. జవాబు క్లుప్తంగా, మర్యాదగా, వకీలు ద్వారా స్పీడు పోస్టులో పోవాలి. ఫోనులో బేరాలు, కోపతాపాలు వద్దు. "ఇకమీదట చేయను" అన్న హామీపత్రం మీద తొందరపడి సంతకం పెట్టవద్దు.

6. పాత యజమాని మనకు తెలియకుండా ఇంజంక్షన్ తెచ్చుకుంటాడన్న అనుమానం ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడు 148ఎ సెక్షను క్రింద కోర్టులో కేవియట్ వేయవచ్చు. అది 90 రోజులు పనిచేస్తుంది.

7. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉందేమో చూడాలి. ఆర్బిట్రేటరు పిలుపును పట్టించుకోకపోతే ఏకపక్షంగా అవార్డు వచ్చి, డిక్రీలాగే అమలవుతుంది. ఎందరో ఇక్కడే దెబ్బతింటారు. కోర్టు సమన్లు వస్తే వ్రాతపూర్వక జవాబుకు మామూలు గడువు 30 రోజులు.

8. కొత్త యజమానికి ఉన్న సంగతి ముందే చెప్పడం మంచిది. బయటివారి ద్వారా తెలిస్తే నమ్మకం పోతుంది.

9. ఆడపిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షను క్రింద ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవాలి.

జామీను నిలిచిన తండ్రులకు ఒక మాట. జామీనుదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానమని కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను చెబుతుంది. సాధారణంగా అసలు షరతు చెల్లనిచోట జామీనుకూ బలం ఉండదు. కాని గడువు బాండు చెల్లినచోట జామీనుదారునూ అడగవచ్చు. అట్లా డిక్రీ అయినా ప్రభుత్వ పెన్షన్‌ను జప్తు చేయరాదని సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను రక్షణ ఇస్తున్నది. అమీర్‌పేటలో కోర్సు చదివి మొదటి ఉద్యోగంలో చేరే పిల్లల చేత ఖాళీ చెక్కులు రాయించుకోవడం, అసలు సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం కొన్ని చోట్ల జరుగుతున్నది. ఆ రెండూ ఇవ్వకుండా చూసుకుంటే సగం తలనొప్పి ముందే తప్పుతుంది.

అమెరికాలోని పిల్లల సంగతి

కాలిఫోర్నియాలో ఇట్టి షరతు చెల్లదు సరికదా, 2024 నుండి అటువంటి షరతు పెట్టడమే చట్టవిరుద్ధం. టెక్సాస్ వంటి రాష్ట్రాలలో సబబైన షరతు చెల్లుతుంది. దేశమంతటా ఈ షరతులను నిషేధిస్తూ అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 ఏప్రిల్‌లో చేసిన నియమాన్ని ఆగస్టులో టెక్సాస్‌లోని ఒక ఫెడరల్ కోర్టు కొట్టివేసింది. 2025 సెప్టెంబరులో కమిషన్ తన అప్పీలును విరమించుకుంది. కనుక ఏ రాష్ట్రంలో ఉన్నారన్నదే ముఖ్యం. హెచ్-1బి వీసా మీద ఉన్నవారి నుండి గడువుకు ముందు మానినందుకు పెనాల్టీ వసూలు చేయరాదని అక్కడి కార్మిక శాఖ నియమం. నిజమైన నష్టపరిహారం వేరు.

మన సంగతి

రిటైరైన మనకు ఈ సెక్షను పూర్తిగా అక్కరకు రాదు. 27వ సెక్షను ఒప్పందాలకు వర్తిస్తుంది గాని, చట్టమూ సర్వీసు నియమమూ స్వయంగా పెట్టిన అడ్డంకికి వర్తించదు. హైకోర్టు శాశ్వత న్యాయమూర్తిగా చేసినవారు అదే హైకోర్టులో వాదించరాదని రాజ్యాంగం 220వ అధికరణమే చెబుతున్నది. కేంద్ర ప్రభుత్వ గ్రూపు ఎ అధికారులు రిటైరైన వెంటనే ప్రైవేటు కొలువులో చేరాలంటే ముందుగా అనుమతి కావాలి. 1972 పెన్షన్ నియమాలలో ఆ గడువు రెండేళ్ళు, తరువాత ఏడాదికి తగ్గించారు. అనుమతి లేకుండా చేరితే పెన్షన్‌కే ఎసరు రావచ్చు. కనుక సలహాదారు కొలువు ఎవరైనా ఇవ్వజూపితే ముందు మన శాఖ నియమాలు చూసుకుని, అర్జీ పెట్టుకుని, జవాబు కాగితం చేతికి వచ్చాకే చేరాలి.

అయితే నియమం లేనిదే పెన్షన్‌ను ఎవరూ ఆపలేరు. పెన్షన్ భిక్ష కాదు, హక్కు అని 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులోనూ, 1982 డిసెంబరు 17న నకారా కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పింది. చట్టబద్ధమైన నియమం లేకుండా దాన్ని పట్టిపెట్టరాదని 2013లో జార్ఖండ్ కేసులో మళ్ళీ చెప్పింది. ఏటా డిసెంబరు 17న మనం జరుపుకునే పెన్షనర్ల దినోత్సవం వెనుక ఉన్నది ఆ తీర్పే.

మన తరం ఒక సంస్థలో చేరి అక్కడే రిటైరయింది. మన పిల్లలు అయిదారు చోట్ల మారుతున్నారు. అది నిలకడలేనితనమని మనం విసుక్కుంటాం. కాని బాలానగర్ ఫ్యాక్టరీ గేటు దాటి బయటికి వచ్చినవారు లేకపోతే మన ఊరికి ఆ పరిశ్రమలూ లేవు, వాటిలో మన పిల్లల ఉద్యోగాలూ లేవు. ఆ గేటు తెరిచి ఉంచింది 1872 నాటి చిన్న సెక్షను. ఇంటికి నోటీసు వచ్చిన రోజున బిడ్డను కోప్పడకుండా, ముందు కాగితాల ఫైలు తెచ్చి ఆ షరతు ఏ కుప్పలోకి వస్తుందో కలిసి చూడండి. ఆ తరువాత మంచి వకీలు దగ్గరకు వెళ్ళండి.